పేరు ప్లేయర్ పెడతాడు, హీరో నోరు విప్పడు: అలాంటి గేమ్ తెలుగులో రాయడం ఎలా

ముందు నా పరువు పోయిన కథ చెప్పేస్తా, తర్వాత పనిలోకి దిగుదాం. కొన్నేళ్ళ కింద సంక్రాంతి సెలవుల్లో కూర్చుని రెన్‌పైలో ఒక చిన్న తెలుగు గేమ్ చేశాను (రెన్‌పై అంటే విజువల్ నావెల్స్, అంటే బొమ్మలూ డైలాగులతో నడిచే కథ గేములు, చేసుకోవడానికి ఫ్రీగా దొరికే ఇంజిన్, పైథాన్ మీద నడుస్తుంది). పల్లెటూరికి నైట్ హాల్ట్ బస్సులో డ్యూటీ పడ్డ కొత్త కండక్టర్ కథ. హీరో ఒక్క ముక్క మాట్లాడడు, పేరు ఆడేవాళ్ళే పెట్టుకోవాలి, పాత జపాన్ గేముల్లో లాగా అన్నమాట. చూడమని ముందు మా పిన్ని కూతురికిచ్చాను. దాని పేరు మౌనిక. బుద్ధిగా సొంత పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టింది, స్క్రీన్ మీద పడ్డ మొదటి లైను: "అదిగో, మౌనిక వచ్చాడు!"

నోరు విప్పని హీరోకి మౌనిక అని పేరు పడటం ఎంత బావుందో అని నేను మురిసిపోయేలోపే అది ఫోన్ పక్కన పెట్టేసి "వచ్చాడంట" అని ఇల్లంతా తిరిగి చెప్పింది. తర్వాత వాళ్ళన్న కిరణ్ ఆడాడు. వాడికి "కిరణ్కి టీ పట్రా" అని వచ్చింది, ణ కింద క వత్తు వేలాడుతూ. పేరు వాడిదే కానీ వాడే చదవలేకపోయాడు.

ఆ రెండు దెబ్బల తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా పెడుతున్నా. ఇంగ్లిష్‌లో ఈ టాపిక్ మీద బోలెడు మెటీరియల్ ఉంటుంది గానీ మన భాషకొచ్చేసరికి వేరే చిక్కులు, వేరే సుఖాలు. సుఖాలే ఎక్కువ, నిజం చెప్పాలంటే.

స్టెప్ 1: పేరు వేరు, మౌనం వేరు, ముందు ఈ ముడి విప్పండి

చాలామంది ఈ రెండూ ఒకే ప్యాకేజీ అనుకుంటారు. కాదు. 1998 నాటి హాఫ్ లైఫ్ తీసుకోండి, హీరో గోర్డన్ ఫ్రీమాన్ నోరు మెదపడు, కానీ పేరు వాళ్ళు పెట్టిందే, మనం మార్చలేం. 2001లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 10లో హీరో పేరు మనం మార్చుకోవచ్చు, కానీ అతను గలగలా వాగుతూనే ఉంటాడు. 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్‌లో రెండూ ఉన్నాయి, పేరు మనది, నోరు మూత. పోకెమాన్, పర్సోనా, క్రోనో ట్రిగ్గర్ అన్నీ ఆ దారిలోవే.

మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి. పేరు అడగడం అంటే "ఇది నువ్వే" అని ప్లేయర్‌కి మాటివ్వడం. మౌనం అంటే "నీ తరఫున నేను మాట్లాడను" అని మాటివ్వడం. మీ హీరోకి చచ్చిపోయిన తమ్ముడు, మానేసిన మందు, అప్పులిచ్చినోళ్ళ బెడద లాంటి సొంత గతం గట్టిగా ఉంటే పేరు మీరే పెట్టేయండి, నోరు కూడా ఇచ్చేయండి, ఇక్కడితో ఈ గైడ్ మూసేయొచ్చు. అలా కాకుండా ఊరు ముఖ్యం, ఊళ్ళో జనం ముఖ్యం, హీరో వాళ్ళందర్నీ చూసే కిటికీ మాత్రమే అయితే కిందకి రండి.

స్టెప్ 2: పేరు ఎవరు అడుగుతున్నారు?

నల్ల స్క్రీన్ మీద "మీ పేరు ఎంటర్ చేయండి" అని పెట్టకండి, బ్యాంకులో ఫారం నింపినట్టుంటుంది. కథలో ఒకరి చేత అడిగించండి. 1996 పోకెమాన్‌లో ప్రొఫెసర్ ఓక్ మన పేరడిగి, ఆగకుండా తన సొంత మనవడి పేరు కూడా మర్చిపోయా, ఏంటది అని మనల్నే అడుగుతాడు, దాంతో ఆట మొదలవకముందే ముసలాయన మీద ఒక అభిప్రాయం వచ్చేస్తుంది. డ్రాగన్ క్వెస్ట్ 5లో ఇంకా అందం: బిడ్డ పుట్టాక తండ్రి ఏదో వింత పేరు పెడదామంటాడు, తల్లి ఇంకో పేరు చెబుతుంది, ఆ తల్లి చెప్పే పేరే మనం టైప్ చేసింది. అంటే మన పేరు ఆమె నోట్లో పుడుతుంది. ఆ ఒక్క సీనుతో ఆ తల్లి మనకి తల్లయిపోతుంది.

నా గేమ్‌లో మొదట ఫారమే పెట్టాను, తర్వాత మార్చా. ఇప్పుడు డిపోలో కంట్రోలర్ డ్యూటీ చార్టు ముందేసుకుని "ఈ రాసిందెవడో గానీ చేతిరాత చీమలు పాకినట్టుంది, పేరేంటమ్మా సరిగ్గా చెప్పు, రాసుకుంటా" అంటాడు, అక్కడ బాక్స్ వస్తుంది. పేరు రాశాక అది చార్టులో కనపడుతుంది, తర్వాత జేబు మీద నేమ్ ప్లేట్‌లో కనపడుతుంది. ప్లేయర్ కళ్ళ ముందే పేరు ఒక వస్తువైపోయింది. ఆ వస్తువుతో చివర్లో పనుంది, గుర్తుపెట్టుకోండి.

ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టేవాళ్ళకి రెడీగా ఒక పేరుంచండి, ఆడకీ మగకీ సరిపోయేది. కిరణ్ ఇద్దరికీ ఉంటుంది, జ్యోతి కూడా అక్కడక్కడా. పేర్లు పెట్టడం బద్ధకమైనవాళ్ళ కోసం ఎర్త్‌బౌండ్‌లో ఏదైనా పర్లేదు అనే బటన్ ఉంటుంది, నొక్కుతుంటే మార్చి మార్చి పేర్లు ఇస్తుంది. అది కాపీ కొట్టదగ్గ ఐడియా.

ఇంకో మాట. పేరుతో చిలిపి పనులు చేసే జనం ఉంటారు, వాళ్ళకోసం రెండు మూడు ఈస్టర్ ఎగ్స్ (దాచిపెట్టిన సరదాలు) పెట్టండి, చాలా చవకగా వచ్చే ఆనందం అది. మొదటి జెల్డా గేమ్‌లో పేరు బదులు జెల్డా అని కొడితే నేరుగా కష్టమైన రెండో క్వెస్ట్ మొదలయ్యేది. అండర్‌టేల్‌లో అందులోని పాత్ర సాన్స్ పేరే పెట్టబోతే కుదరదని మొహం మీదే చెప్పేస్తుంది. నా గేమ్‌లో ఎవరైనా "డ్రైవర్" అని కొడితే కంట్రోలర్ తలెత్తి చూసి "డ్రైవర్‌ది పక్క కాలమ్" అంటాడు.

స్టెప్ 3: పేరుని సేవ్ చేసేముందు కడగండి

ఇది కోడ్ భాగం, కోడ్ రాయనివాళ్ళు కూడా చదవండి, కిరణ్ పరువు పోయింది ఇక్కడే.

ఒకటి, ముందూ వెనకా స్పేసులు తీసేయండి. ఫోన్ కీబోర్డులు సజెషన్ నొక్కగానే వెనకాల ఒక స్పేస్ అతికిస్తాయి, దానివల్ల "రవి కి", "రవి !" అని వస్తుంటుంది.

రెండు, పొడవు లెక్క. ఇంగ్లిష్ పోకెమాన్‌లో 7 అక్షరాలు, ఫామికామ్ (జపాన్‌లో నింటెండో వాళ్ళ పాత గేమ్ మెషీన్) డ్రాగన్ క్వెస్ట్‌లో 4 అక్షరాలే. ఆ లెక్క మనకి పట్టుకొస్తే కొంప మునుగుతుంది. శ్రీలక్ష్మి మన కంటికి మూడక్షరాలు: శ్రీ, ల, క్ష్మి. కంప్యూటర్‌కి అది 11 యూనికోడ్ ముక్కలు, ఎందుకంటే ప్రతి పొల్లు, ప్రతి గుడి, ప్రతి వత్తు విడిగా లెక్క. యూటీఎఫ్ 8లో (ఆ ముక్కల్ని ఫైల్లో దాచే పద్ధతి) అయితే ఒక్కో ముక్క 3 బైట్లు, మొత్తం 33. మీరు లిమిట్ 8 అని పెట్టారనుకోండి, పాపం ఆవిడ "శ్రీలక్ష" దగ్గరే ఆగిపోతుంది. నేను 24 ముక్కలకి పెట్టా, వెంకటసుబ్బలక్ష్మి 17లో పట్టేస్తుంది. ఆ తర్వాత డైలాగ్ బాక్స్‌లో పడుతుందో లేదో చూసుకోవడం మీ పని.

మూడు, అసలు సంగతి, పొల్లు. పేరు చివర పొల్లు ఉంటే (కిరణ్, అబ్దుల్, శ్రీనివాస్, డేవిడ్) దాని వెనకాల "కి", "తో", "ని" అతికించగానే ఫాంట్ వాటిని సంయుక్తాక్షరం చేసేస్తుంది, కిరణ్కి అయిపోతుంది. మందు ఏంటంటే జీరో విడ్త్ నాన్ జాయినర్ అని కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఉంది, యూనికోడ్‌లో 200సి. పేరు చివరి ముక్క పొల్లు అయితే దాని తర్వాత ఇది ఒకటి తగిలించి సేవ్ చేయండి, అంతే, ఇక ఎక్కడ ఏది అతికించినా కిరణ్‌కి అని శుభ్రంగా వస్తుంది. ఒక్క ఇఫ్ కండిషన్ పని. దీనికోసం నేను రెండు రాత్రులు తల కొట్టుకున్నా.

నాలుగు, ఇంజిన్‌కి తెలుగు వచ్చా రాదా ముందే చూసుకోండి. రెన్‌పై పాత వెర్షన్లలో గుణింతాలు విడిపోయి కనపడేవి, 8.1 నుంచి అక్షరాలు సరిగ్గా కూర్చుంటున్నాయి. గోడో అనే ఇంకో ఇంజిన్‌లో వెర్షన్ 4 నుంచి బాగుంది, 3తో పెట్టుకోకండి. ఆర్పీజీ మేకర్‌లో పేరు పెట్టడానికి వచ్చే గళ్ళ స్క్రీన్‌లో తెలుగు అక్షరాలే లేవు, ప్లగిన్ వెతుక్కోవాలి లేదా ఆ స్క్రీన్ వదిలేసి మామూలు టెక్స్ట్ బాక్స్ పెట్టాలి.

స్టెప్ 4: పేరుకి విభక్తి తగిలించొద్దు, పక్కోడికి తగిలించండి

ఇంగ్లిష్‌లో పేరు ఎక్కడ పడితే అక్కడ పెట్టేయొచ్చు, దాని రూపం మారదు. మనకి రవి, రవికి, రవితో వరకు బాగానే ఉంటుంది, అప్పలనాయుడు వచ్చాడంటే "అప్పలనాయుడుకి" అని రాదు, అప్పలనాయుడికి అనాలి. ప్లేయర్ ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు కొడితే ఆ ఇంగ్లిష్ పేరు పక్కన తెలుగు "కి" ఒక్కటే వేలాడుతూ ఉంటుంది. పిలిచేటప్పుడు ఇంకో గొడవ, మనం "రవి!" అని పిలవం కదా, రవీ అని సాగదీస్తాం.

దీనికి కోడ్ దారి ఒకటుంది, రాత దారి ఒకటుంది.

కోడ్ దారి: పేరు తీసుకోగానే మూడు రూపాలు తయారుచేసి పెట్టుకోండి. మామూలు రూపం. విభక్తికి ముందుండే రూపం, అంటే చివర "డు" ఉంటే "డి" చేయాలి, లేకపోతే ఉన్నదున్నట్టే. పిలుపు రూపం, అంటే చివర గుడి ఉంటే గుడిదీర్ఘం, కొమ్ము ఉంటే కొమ్ముదీర్ఘం, ఏమీ లేకుండా ఉత్త అక్షరం ఉంటే దీర్ఘం: రవీ, రాజూ, సీతా, నాయుడూ. పొల్లు, సున్నా, ముందే దీర్ఘం ఉన్నవి ముట్టుకోవద్దు. నాలుగైదు లైన్లలో అయిపోతుంది, నూటికి తొంభై పేర్లకి సరిపోతుంది.

రాత దారి ఇంకా తేలిక, నేను దీనికే ఓటేస్తా. పేరు వెనకాల ఒక గౌరవం మాటో వరసో పెట్టి విభక్తి భారం దానిమీద వేసేయండి. "రవికి చెప్పు" అని రాయాల్సిన చోట "రవి గారికి చెప్పు". గారు అనే మాట మనకి దొరికిన వరం: పేరు తర్వాత స్పేస్ వచ్చేసింది కాబట్టి పొల్లు గొడవ లేదు, విభక్తి గారు మోస్తుంది కాబట్టి డు గొడవ లేదు, పిలుపులో "గారూ" సాగుతుంది కాబట్టి పేరు సాగక్కర్లేదు, పైగా ఆడా మగా అడగదు. ఒక్క దెబ్బకి నాలుగు పిట్టలు.

ఇంకా మంచిది ఏంటంటే అసలు పేరే వాడకపోవడం. మన ఊళ్ళల్లో ఎవరు ఎవర్ని పేరు పెట్టి పిలుస్తారు చెప్పండి? అన్నా, అక్కా, బాబాయ్, మాస్టారూ, ఇదిగో, ఏవండీ. మా నానమ్మ జీవితమంతా మా తాతయ్య పేరు పలకలేదు, రేషన్ కార్డు దగ్గర అడిగితే పక్కనున్న పిల్లల్ని చూసేది, వాళ్ళు చెప్పేవాళ్ళు. పేరు పలక్కుండా మనిషిని నడిపించే విద్య మనకి ఎప్పట్నుంచో ఉంది. పర్సోనా 5లో హీరోని గ్యాంగంతా జోకర్ అని కోడ్ నేమ్‌తో పిలవడం, స్కైరిమ్‌లో డ్రాగన్‌బోర్న్ అనడం, వాళ్ళు ఇంత కష్టపడి కనిపెట్టుకున్న ఉపాయం మనకి బస్టాండులో దొరుకుతుంది. నా గేమ్‌లో హీరోని అందరూ "కండక్టర్ గారూ" అంటారు, ముసలోళ్ళు "కండక్టరూ" అంటారు, పిల్లలు "రైట్ రైట్" అని ఆటపట్టిస్తారు. పేరు మొత్తం గేమ్‌లో ఆరుసార్లు కూడా రాదు.

స్టెప్ 5: వచ్చాడా, వచ్చిందా, వచ్చారా

మౌనిక దెబ్బకి మందు ఇది. ఇక్కడ తెలుగు ఎంత చల్లని తల్లో చూడండి. నేను వచ్చాను, ఇందులో ఆడా మగా లేదు. నువ్వు వచ్చావు, ఇందులోనూ లేదు. హిందీలో రాసేవాళ్ళకి ఈ రెండు చోట్లా తలనొప్పే. మనకి గొడవంతా మూడో మనిషి దగ్గరే: వచ్చాడు, వచ్చింది. కాబట్టి మొదటి సూత్రం, హీరో గురించి మాట్లాడించకండి, హీరోతో మాట్లాడించండి. "అదిగో, వచ్చాడు" అన్న లైను "అదిగో, వచ్చేశావా" అయిపోతే పని అయిపోయింది.

హీరో గురించి చెప్పక తప్పని చోట "వచ్చారు". ఉద్యోగం మీద వచ్చిన మనిషిని ఊరు ఎలాగూ బహువచనంలోనే అంటుంది కాబట్టి నా గేమ్‌లో ఇది బలవంతంగా అతికించినట్టు కూడా అనిపించలేదు. హీరో పదేళ్ళ పిల్లాడో పిల్లో అయితే మాత్రం "వచ్చారు" నప్పదు, అప్పుడు మొదట్లోనే ఒక ప్రశ్న అడగాల్సిందే. ఆ పని చేస్తే క్రియ మొత్తాన్ని రెండు సార్లు రాసుకోండి, చివర్లు మాత్రం కత్తిరించి అతికించే తెలివితేటలు చూపించొద్దు. నేను చూపించా. వెళ్తాడు, వెళ్తుంది బాగానే వచ్చింది, ఉన్నాడు, తిన్నాడు దగ్గరకొచ్చేసరికి "ఉన్నింది", "తిన్నింది" అని తయారయ్యాయి.

దొంగచాటుగా లింగం దూరే చోట్లు ఇంకో రెండున్నాయి. "నువ్వు చాలా మంచివాడివి" అని రాసేస్తాం అలవాటుగా, "నీది మంచి మనసు" అనండి. ఆప్షన్లలో "నేను కొత్తవాణ్ణి" అని రాసేస్తాం, "నాకిక్కడ అంతా కొత్త" అనండి. ఒరేయ్, ఒసేయ్, బాబూ, తల్లీ కూడా ఏరేయండి. కన్నా, బంగారం, బుజ్జీ, ఇవి ఇద్దరికీ చెల్లుతాయి.

స్టెప్ 6: మౌనం రాయడం, అంటే అవతలి గొంతు వినపడని ఫోన్ కాల్ రాయడం

ఇదే గుండెకాయ, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు.

మన సీరియళ్ళలో ఫోన్ సీను చూశారు కదా. "ఏంటీ? నాన్నకి యాక్సిడెంట్ అయ్యిందా? ఆస్పత్రిలో చేర్పించారా? ఇప్పుడే బయల్దేరాలా?" అని అవతలివాళ్ళు చెప్పిన ప్రతి ముక్కా మనకోసం తిరిగి అప్పజెబుతారు. మౌన హీరో ఉన్న చెత్త గేముల్లో జనం ఇలాగే మాట్లాడతారు: "ఏంటీ, నువ్వు రాత్రి అడవి దాటొచ్చావా? దయ్యాన్ని చూశావా?" హీరో ఎప్పుడు చెప్పాడు? ఎలా చెప్పాడు? చేతులూపాడా?

ఇప్పుడు మీ ఇంట్లో అమ్మ నిజంగా ఫోన్ మాట్లాడటం గుర్తుచేసుకోండి. "ఆఁ... ఎప్పుడూ?... అయ్యయ్యో. మరి పిల్లలు?... సర్లే, నువ్వు కంగారుపడకు, ముందు ఏదన్నా తిను." అవతల ఏం చెప్పారో ఒక్క మాట కూడా తిరిగి చెప్పలేదు, అయినా పక్క గదిలో ఉన్న మీకు సంగతి సగం తెలిసిపోయింది. రాయాల్సింది ఇలా.

నా గేమ్‌లో రాత్రి బస్సు ఆగాక ఎదురింటి సూరమ్మ వచ్చి పలకరించే సీను మొదటిసారి ఇలా ఏడ్చింది:

సూరమ్మ: కొత్తగా వచ్చావా? ఏ ఊరు?
(హీరో చుక్కలు)
సూరమ్మ: ఓహో, దూరమే. అన్నం తిన్నావా?
(హీరో చుక్కలు)
సూరమ్మ: తినలేదా! అయితే మా ఇంటికి రా.

చుక్కలు ("...") పెట్టిన ప్రతిచోటా హీరో మూగవాడిలాగానో పొగరుబోతులాగానో కనిపిస్తాడు. రెండోసారి రాసింది:

సూరమ్మ: కొత్తా? ఆ కాలర్ చూస్తేనే తెలుస్తోందిలే, ఇంకా ఇస్త్రీ నలగలేదు. పాతాయన ఈపాటికి వెనక సీట్లో దుప్పటి ముసుగేసేవాడు. అన్నం తిన్నావా అని అడగను, ఆ క్యారేజీ డొల్లగా మోగుతోంది. లే, పప్పుచారుంది. మొహమాటం దేనికి, నేనేమన్నా ఫ్రీగా టికెట్ కొట్టమన్నానా?

ఏం మారిందో చూడండి. ప్రశ్నలున్నాయి, కానీ ఏ ప్రశ్నకీ ఆమె జవాబు కోసం ఆగలేదు. కొన్ని జవాబులు కళ్ళతో చూసింది (కాలర్), కొన్ని చెవులతో విన్నది (క్యారేజీ), ఒకటి మొహంలో చదివింది (మొహమాటం). మధ్యలో ఒక్క చుక్క లేదు. హీరో ఏమీ అనలేదని చదివేవాళ్ళకి గుర్తే రాదు, పైగా సూరమ్మ ఎలాంటిదో మొత్తం తెలిసిపోయింది. మౌన హీరో వల్ల లాభం అదే, ఖాళీ అంతా చుట్టూ ఉన్నవాళ్ళు నింపుతారు కాబట్టి వాళ్ళు బతికొస్తారు.

కాబట్టి ప్రతి సీనుకీ ఈ పరీక్ష పెట్టండి: ఎదుటి మనిషికి జవాబు ఎలా తెలిసింది? చూసిందా, విన్నదా, ఊహించిందా, పట్టించుకోలేదా, ప్లేయర్ ఆప్షన్ నొక్కాడా? ఈ అయిదింట్లో ఏదీ కాకపోతే ఆ లైను కొట్టేయండి. వాగుడుకాయల్ని, కోపిష్టుల్ని, చెవిటి తాతల్ని, హడావిడిగా ఉన్నవాళ్ళని ఎక్కువ పెట్టుకోండి, వాళ్ళు ఎలాగూ ఎవరి మాటా వినరు.

మౌనాన్ని గేమ్ లోపలే గుర్తించడం ఇంకో దారి, కానీ ఉప్పులాంటిది, ఒక్కసారే. హాఫ్ లైఫ్ 2లో అలిక్స్ అనే అమ్మాయి మొదటిసారి కలిసినప్పుడు నువ్వు పెద్దగా మాట్లాడే రకం కాదులా ఉందే అన్నట్టు ఒక మాట అంటుంది, అంతటితో వదిలేస్తుంది. పోర్టల్ 2లో వీట్లీ అనే రోబో మనల్ని యాపిల్ అనమంటాడు, స్క్రీన్ మీద చెప్పిన బటన్ నొక్కితే మన క్యారెక్టర్ ఒక గెంతు గెంతుతుంది, నువ్విప్పుడు చేసింది గెంతడం అని వాడు మర్యాదగా చెబుతాడు, అది ఆ గేమ్‌లోనే మంచి జోకు. జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో మాత్రం జోకు చేయలేదు, యువరాణి జెల్డా డైరీలో కారణం రాసుంటుంది: ఇంతమంది కళ్ళు తనమీదే ఉన్నప్పుడు గట్టిగా నిలబడి భారమంతా నోరెత్తకుండా మోయాలని హీరో లింక్ అనుకుంటాడట. ముప్ఫై ఏళ్ళ అలవాటుకి ఒక్క పేజీతో మనసు పెట్టారు. చమత్కారం ఏంటంటే ఆ గేమ్‌లోనే పేరు మార్చుకునే వీలు తీసేశారు.

స్టెప్ 7: ఆప్షన్లు

మౌన హీరోకి ఉన్న నోరు ఇదొక్కటే కాబట్టి చూసి రాయండి. డ్రాగన్ క్వెస్ట్‌లో యువరాణి అడిగినదానికి కాదు అంటే ఒప్పుకోదు, అవును అనేదాకా అదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతుంది. 1986లో అది ముద్దుగా ఉంది, ఇప్పుడూ ఒక్కసారైతే ముద్దే, ప్రతి సీనులో చేస్తే ప్లేయర్‌కి వళ్ళు మండుతుంది. ఏది నొక్కినా కథ ఒకటే అయితే కనీసం జవాబు లైను మార్చండి.

ఆప్షన్లు పొట్టిగా, ఏ ఊరివాళ్ళయినా అనగలిగేలా ఉండాలి. "సరే", "ఇప్పుడు కాదు", "(చిల్లర లెక్కపెట్టు)". ఈ మూడో రకం, మాట కాకుండా పని, నాకు బాగా ఇష్టం. సూరమ్మ తన కొడుకు ఫోన్ చేయట్లేదని చెప్పినప్పుడు నేనిచ్చిన ఆప్షన్లు "మంచినీళ్ళు తాగు", "బయట వానకేసి చూడు". ఓదార్పు మాటలు రాసుంటే అవి నా మాటలయ్యేవి. వానకేసి చూడటంలో ఎవరి ఓదార్పు వాళ్ళు పెట్టుకుంటారు.

యాస ఆప్షన్లలో వద్దు. ఊరి జనానికి పెట్టండి, ఎంత కావాలంటే అంత. కానీ హీరో "పోతున్న" అంటే కరీంనగర్ ప్లేయర్‌కి దగ్గరై గుంటూరు ప్లేయర్‌కి దూరమవుతాడు, "ఎల్తన్నా" అంటే అటుదిటు. క్రియ లేకుండా రాస్తే తప్పించుకోవచ్చు: "రేపు", "డిపోకే", "లేదు".

స్టెప్ 8: వాయిస్ పెడితే

డబ్బింగ్ పెట్టే స్తోమతుంటే పేరు ఎవరూ పలకకుండా స్క్రిప్ట్ మళ్ళీ చదవండి. ఫైనల్ ఫాంటసీ 10లో అంత పెద్ద కథలో హీరో పేరు ఒక్కళ్ళ నోట కూడా వినపడదు, మాటలన్నీ దాన్ని తప్పించుకుంటూ తిరుగుతాయి. 2015 ఫాల్అవుట్ 4లో ఇంకో దారి పట్టారు, కాడ్స్‌వర్త్ అనే రోబో పనివాడి గొంతులో వందల కొద్దీ పేర్లు రికార్డ్ చేసి పెట్టారు, మన పేరు అందులో ఉంటే పిలుస్తాడు. మనకి అంత సీన్ లేదు. "కండక్టర్ గారూ" ఒక్కటి నాలుగు రకాలుగా రికార్డ్ చేయించుకుంటే చాలు.

స్టెప్ 9: దాచిన పేరు ఖర్చు పెట్టండి

పేరు అడిగి దాంతో ఏమీ చేయకపోతే ఎందుకడిగినట్టు? మంచి గేములు దాన్ని దాచి ఒక్కసారి తీస్తాయి. కథలు బయటపెడుతున్నా, ఆడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. ఎర్త్‌బౌండ్‌లో హీరో పేరు కాకుండా బయట కూర్చుని ఆడుతున్న మనిషి పేరు విడిగా అడుగుతారు, మనం మర్చిపోతాం, చివరి యుద్ధంలో హీరో స్నేహితురాలు పౌలా చేసే ప్రార్థన ఆ మనిషి దాకా వస్తుంది. అండర్‌టేల్‌లో మొదట మనం పెట్టిన పేరు మనం నడిపే బిడ్డది కాదు, ఎప్పుడో అంతకుముందు ఆ భూమి కింది లోకంలో పడ్డ ఇంకో బిడ్డదని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లో కొండ చివర్న రెడ్ ఎదురొస్తాడు, అంతకుముందు గేమ్‌లో మనం నడిపిన కుర్రాడే, ఇప్పుడు మనకి ఎదురుగా నిలబడి వాడూ చుక్కలే మాట్లాడతాడు.

మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేర్లు చెప్పించే తంతు ఉంది కదా, పేరు చెబితేనే లోపలికి. ఎప్పుడూ పలకని పేరు ఒక్కసారి పలికితే ఎంత బరువుంటుందో అక్కడ తెలుస్తుంది. నా గేమ్ చివర అదే పట్టుకున్నా. ఏడాదంతా "కండక్టరూ" తప్ప ఇంకో మాట అనని సూరమ్మ, మనవరాలి పెళ్ళికి శుభలేఖ తెచ్చి ఇస్తుంది. కవరు మీద అచ్చులో "శ్రీ/శ్రీమతి", దాని పక్కన పెన్నుతో ప్లేయర్ పెట్టిన పేరు, పక్కన "గారికి". ఆవిడకి పేరెలా తెలిసిందో ఎవరూ చెప్పరు, కానీ సీను మొదట్లో ఆవిడ హీరో చొక్కా జేబు మీదున్న నేమ్ ప్లేట్ దగ్గరికి కళ్ళద్దాలు సర్దుకుంటూ వంగుతుంది. గ్రామర్ కూడా ఎక్కడా తెగలేదు, గమనించారా, లింగం కవరే చూసుకుంది, విభక్తి గారు చూసుకుంది.

స్టెప్ 10: టెస్టింగ్

ఈ పేర్లన్నీ పెట్టి మొదట్నించి చివరిదాకా ఒక్కో రౌండు ఆడండి: కిరణ్ (పొల్లు), లక్ష్మి (వత్తు మీద వత్తు), అప్పలనాయుడు (డు), సీత (పిలుపు), అబ్రహాం (సున్నా), వెంకటసుబ్బలక్ష్మి (పొడవు), ఇంగ్లిష్ అక్షరాల్లో ఏదో ఒకటి, ఒకే ఒక్క అక్షరం, ఉత్త అంకెలు, ఉత్త స్పేసులు, ఖాళీ. పేరు వచ్చే ప్రతి లైనూ స్క్రీన్ షాట్ తీసి ఫోన్‌లో చూడండి, ల్యాప్‌టాప్‌లో బాగున్న ఫాంట్ ఫోన్‌లో విరిగిపోవడం నేను చూశా. తర్వాత మీ కంటే చిన్నవాళ్ళకిచ్చి పక్కన కూర్చోండి, ఏం పెట్టాలో మాత్రం చెప్పకండి.

నేను మా బావమరిదికిచ్చా. వాడు "ఉప్మా" అని పెట్టాడు. డ్యూటీ చార్టులో ఉప్మా, నేమ్ ప్లేట్ మీద ఉప్మా, ఏదీ విరగలేదు, నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా. రాత్రి పదకొండింటికి శుభలేఖ సీను దాకా వచ్చాడు, శ్రీ/శ్రీమతి ఉప్మా గారికి. కాసేపు కవరుకేసి చూశాడు, స్క్రీన్ షాట్ తీసుకున్నాడు, తీసి నాకే పంపాడు, పక్కనే కూర్చుని. కింద ఒక్క లైను రాశాడు: "బావా, పెళ్ళిలో టిఫిన్ నేనేనా?"